మాడ్యూల్‌కి సర్టిఫికెట్ ఉంటే సరిపోతుందా? వైర్‌లెస్ టెస్టింగ్‌పై అపోహలు - వాస్తవాలు

బెంగళూరు పీణ్యలో మా టెస్టింగ్ ల్యాబ్‌కి వచ్చే స్టార్టప్‌లలో మన తెలుగు పిల్లలు చాలామందే ఉంటారు. తెలివైనవాళ్లు, కష్టపడేవాళ్లు. కానీ ఎక్కువమంది ప్రోడక్ట్ మొత్తం తయారై, పెట్టె మీద ప్రింటింగ్ కూడా అయ్యాక వస్తారు. అప్పుడు ఫెయిల్ అయితే బోర్డు మళ్లీ చెయ్యాలి, షిప్‌మెంట్ ఆగిపోతుంది. వాళ్ల టెన్షన్ చూడలేకే ఇది రాస్తున్నా.

అపోహ: "అన్నా, మాడ్యూల్‌కి ఎఫ్‌సీసీ ఐడీ ఉంది కదా, ఇంక మాకు టెస్టింగ్ ఎందుకు?"

ఎక్కువ డబ్బు పోగొట్టే మాట ఇదే. మాడ్యూల్ అంటే బ్లూటూత్, వై-ఫై లాంటి వైర్‌లెస్ పని చేసిపెట్టే రెడీమేడ్ చిన్న బోర్డు, ఎఫ్‌సీసీ ఐడీ అంటే దానికి అమెరికా నియంత్రణ సంస్థ ఇచ్చిన అనుమతి నంబరు. మాడ్యూల్‌కి వచ్చిన అనుమతి కొన్ని షరతులతో వస్తుంది, అవి ఆ గ్రాంట్ కాగితంలోనే రాసి ఉంటాయి, అది తెరిచి చదివేవాళ్లు తక్కువ. ఏ రకం యాంటెన్నాతో పాస్ అయిందో అదే రకం వాడాలి, గెయిన్ (ఒక దిక్కుకి సిగ్నల్‌ని ఎంత గట్టిగా పంపుతుందో ఆ కొలత) అంతకు మించకూడదు. బోర్డు మీద గీసిన యాంటెన్నా అయితే ఆ కొలతలు మార్చకూడదు. చోటు చాలలేదని దాన్ని కాస్త వంచి గీశారంటే అనుమతి వర్తించదు. ఇంకోటి, చాలా మాడ్యూళ్లకి ఒంటికి 20 సెంటీమీటర్ల దూరం అనే షరతు మీద అనుమతి ఇస్తారు. అదే మాడ్యూల్‌ని చేతి వాచీలో పెడితే ఆ దూరం ఎక్కడుంది? శరీరం మీద పడే రేడియేషన్ లెక్క మళ్లీ చూడాల్సిందే. ఎస్‌ఏఆర్ అంటే ఒళ్లు పీల్చుకునే రేడియో శక్తి కొలత. తలకీ మొండేనికీ అమెరికాలో, మన దేశంలో దాని పరిమితి 1 గ్రాము కణజాలానికి సగటున కిలోకి 1.6 వాట్లు. యూరప్‌లో 10 గ్రాములకి సగటున 2 వాట్లు. లెక్కగట్టే పద్ధతే వేరు కాబట్టి ఒకచోటి రిపోర్టు పట్టుకెళ్లి ఇంకోచోట చూపిస్తే కుదరదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, మాడ్యూల్ చుట్టూ మీరు పెట్టిన ప్రాసెసర్, పవర్ సర్క్యూట్, ఛార్జింగ్ కేబుల్ బయటికి వదిలే అనవసర సిగ్నళ్ల సంగతి అలాగే ఉంటుంది. ఛాంబర్‌లో, అంటే బయటి సిగ్నళ్లు రాని గదిలో, డివైస్‌ని తిరిగే బల్ల మీద పెట్టి, 3 మీటర్ల దూరంలో యాంటెన్నాని పైకీ కిందకీ జరుపుతూ చూస్తాం. 30 మెగాహెర్ట్జ్ నుంచి 1 గిగాహెర్ట్జ్ లోపల స్క్రీన్ మీద గీత పైకి లేచిందంటే నేను మొదట అనుమానించేది కేబుల్‌నీ ఛార్జర్‌నీ. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో దొరికిన ఏదో ఒక ఛార్జర్ తేవద్దు, కస్టమర్‌కి పెట్టెలో ఇవ్వబోయేదే తెండి.

అపోహ: చిన్న సిగ్నల్, దీనికేం టెస్ట్?

సిగ్నల్ చిన్నదే, పక్క బ్యాండ్ మాత్రం వేరేవాళ్లది. బ్లూటూత్ చివరి ఛానెల్ 2480 మెగాహెర్ట్జ్. 2483.5 దాటగానే అమెరికా లెక్కలో నిషిద్ధ బ్యాండ్ (మన సిగ్నల్ దాదాపుగా పడకూడని ఫ్రీక్వెన్సీలు) మొదలవుతుంది, మధ్యలో ఉన్నది మూడున్నర మెగాహెర్ట్జ్ మాత్రమే. ఆ 2480కి రెట్టింపైన 4960 కూడా ఇంకో నిషిద్ధ బ్యాండ్‌లోనే పడుతుంది. అసలు ఫ్రీక్వెన్సీకి ఇలాంటి రెట్లనే హార్మోనిక్‌లు అంటారు. అందుకే పదో హార్మోనిక్ దాకా, అంటే దాదాపు 25 గిగాహెర్ట్జ్ వరకు వెతుకుతాం. చాలాసార్లు ఫర్మ్‌వేర్‌లో (డివైస్ లోపలి సాఫ్ట్‌వేర్‌లో) చివరి ఛానెల్ పవర్ కొంచెం తగ్గిస్తే పనైపోతుంది, కాకపోతే అమ్మే ప్రతి డివైస్‌లోనూ అదే సెట్టింగ్ ఉండాలి. ఇదంతా కొలవాలంటే ఒకే ఛానెల్‌లో ఆగకుండా ట్రాన్స్‌మిట్ చేసే టెస్ట్ ఫర్మ్‌వేర్ కావాలి. ఒక శాంపిల్‌కి యాంటెన్నా తీసేసి కేబుల్ కనెక్టర్ సోల్డర్ చేసి పంపండి. అది లేక ఛాంబర్ బుకింగ్ వృథా అయినవాళ్లు ఎందరో.

అపోహ: లైసెన్స్ అక్కర్లేని బ్యాండ్ అంటే ప్రపంచమంతా ఒకటే.

2.4 గిగాహెర్ట్జ్ దాదాపు అన్నిచోట్లా ఉంది, పవర్ పరిమితులు మాత్రం వేరు. తక్కువ కరెంటుతో కొద్ది డేటాని చాలా దూరం పంపే లోరా లాంటివాటితో అసలు చిక్కు. అమెరికాలో 902-928 మెగాహెర్ట్జ్. మన దగ్గర 865-868. అమెరికా డివైస్‌ని ఇక్కడ ఆన్ చేస్తే మొబైల్ ఫోన్లు టవర్‌కి మాట్లాడే 915 లోపలి బ్యాండ్‌లో పడుతుంది. యూరప్‌లో 868.0-868.6 మధ్య అయితే మామూలుగా 1 శాతం సమయమే ట్రాన్స్‌మిట్ చెయ్యాలి, గంటకి 36 సెకన్లు. డేటా ఎంత తరచుగా పంపాలో ఈ లెక్క చూసుకున్నాకే డిజైన్ మొదలుపెట్టాలి.

అపోహ: సీఈ (యూరప్‌లో అమ్మడానికి కావాల్సిన గుర్తు) ఉంటే ఇండియాలో కూడా చెల్లుతుంది.

చెల్లదు. ఇక్కడ డబ్ల్యూపీసీ ఈటీఏ (కేంద్ర ప్రభుత్వ వైర్‌లెస్ విభాగం ఇచ్చే పరికర అనుమతి) వేరు, బ్యాటరీకీ, బ్లూటూత్ స్పీకర్ లాంటివాటికీ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ వేరు. బ్లూటూత్ లోగో వాడాలంటే ఆ టెక్నాలజీని నడిపే కంపెనీల సంఘం బ్లూటూత్ ఎస్‌ఐజీ క్వాలిఫికేషన్ కూడా కావాలి, దానికి ఏ ప్రభుత్వంతోనూ సంబంధం లేదు. ఇక సీఈ అనేది చాలావరకు తయారీదారు తానే చేసే డిక్లరేషన్. అలాగని ఉత్త సంతకం కాదు, టెస్ట్ రిపోర్టులతో టెక్నికల్ ఫైల్ 10 ఏళ్లు దాచాలి.

అపోహ: ఒకసారి పాసైతే అయిపోయినట్టే.

పార్టు మార్చారా, పవర్ పెంచారా, మళ్లీ చూసుకోవాలి. మీరేమీ మార్చకపోయినా రూల్ మారుతుంది. ఇంటర్నెట్‌కి కనెక్ట్ అయ్యే వైర్‌లెస్ పరికరాలకి యూరప్‌లో 2025 ఆగస్టు 1 నుంచి సైబర్ సెక్యూరిటీ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అంతకుముందే సీఈ ఉన్న కెమెరా అయినా సరే, ఆ తేదీ తర్వాత అక్కడి మార్కెట్లోకి కొత్తగా పంపే ప్రతి పీసూ వాటికి లోబడాలి. పాత డిజైన్‌కి కొత్త ఆర్డర్ వచ్చినవాళ్లు కంటైనర్ ఎక్కించకముందే ఈ ఒక్కటీ చూసుకోండి.