11,000 కేలరీల కుక్క

"అలాస్కాలో బండ్లు లాగే కుక్కలు పచ్చి మాంసం తిని వందల కిలోమీటర్లు పరిగెడతాయట కదా, మా జర్మన్ షెపర్డ్‌కి కూడా పచ్చి చికెనే పెట్టమంటారా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆయన కుక్క సంగతికి తర్వాత వద్దాం. ముందు అలాస్కా కుక్కల గురించి చెప్పాలి. వాటి గురించి చదువుతూ కూర్చుంటే నాకు టైమే తెలియదు.

ఏటా మార్చిలో అలాస్కాలో ఐడిటరాడ్ పందెం జరుగుతుంది. 1973లో మొదలైంది. యాంకరేజ్ ప్రాంతం నుంచి నోమ్ దాకా దాదాపు 1,600 కిలోమీటర్లు మంచు మీద బండి లాగాలి. గెలిచే జట్లు తొమ్మిది పది రోజుల్లో చేరిపోతాయి. ఇంతా చేసి ఒక్కో కుక్క బరువు పాతిక కిలోలు ఉంటే ఎక్కువ. ఇలాంటి కుక్కలు 490 కిలోమీటర్ల పందెంలో ఎంత శక్తి ఖర్చు చేస్తాయో కొలిచిన అధ్యయనం ఒకటి 1997లో వచ్చింది. రోజుకు సుమారు 11,000 కేలరీలని తేలింది. డైట్ చార్టుల్లో మనం రాసుకునే కేలరీలే ఇవి. పొలంలో ఒళ్లొంచి పనిచేసే మనిషికి కూడా అందులో సగం అక్కర్లేదు.

ఇంత శక్తి ఆ చిన్న కడుపులోకి ఎలా పంపాలి? లెక్క వేసి చూద్దాం. వండిన అన్నం 100 గ్రాములకు 130 కేలరీలు. ఆ లెక్కన ఎనిమిదిన్నర కిలోల అన్నం కావాలి. కుక్క తన బరువులో మూడో వంతు తిని, ఆపైన పరిగెత్తాలి! పోనీ మాంసం పెడదామా? స్కిన్ తీసేసిన పచ్చి చికెన్ బ్రెస్ట్ 100 గ్రాములకు 120 కేలరీలే. తొమ్మిది కిలోలు దాటిపోతుంది, అన్నమే నయం. అదే అచ్చమైన కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తుంది కాబట్టి కిలోంపావు చాలు. ఉత్త కొవ్వే పెట్టరనుకోండి, కానీ పందెం రోజుల్లో వాటి కేలరీల్లో సగానికి పైగా కొవ్వు నుంచే వస్తాయి. చూసేవాళ్లకు కనిపించేది పచ్చి మాంసం, బండి లాగించేది అందులోని కొవ్వు.

నీళ్ల దగ్గర కూడా కొవ్వుదే పైచేయి. 100 గ్రాముల కొవ్వు ఒంట్లో పూర్తిగా ఖర్చయితే 100 గ్రాములకు కాస్త పైనే నీరు పుడుతుంది. మాంసకృత్తులను ఇంధనంగా వాడితే మాత్రం మిగిలిన నైట్రోజన్ యూరియాగా మారి, మూత్రంలో నీళ్లను వెంటబెట్టుకుని పోతుంది. ఆ మంచులో తాగే నీళ్లు కావాలంటే మంచు కరిగించుకోవాల్సిందే. అందుకే కనీసం 11 లీటర్ల నీళ్లు మరిగించగల పొయ్యి, గిన్నె ప్రతి బండిలోనూ ఉండాలని పందెం నియమం. బండి తోలేవాళ్లు గడ్డకట్టిన మాంసం ముక్కలు, డ్రై ఫుడ్ ఆ వేడినీళ్లలో కలిపి పులుసులా పోస్తారు. మాంసం రుచికి కుక్క నీళ్లు కూడా తాగేస్తుంది.

శక్తికి పిండి పదార్థాలు, ఎదుగుదలకు మాంసకృత్తులు, నిల్వకు కొవ్వు అని బడిలో మూడు గళ్లు గీసి నేర్పిస్తారు. పరీక్షకు అది చాలు, ఈ కుక్కకు చాలదు. మారథాన్ పరిగెత్తే మనిషి కండరాల్లో గ్లైకోజెన్, అంటే దాచిపెట్టుకున్న గ్లూకోజ్ నిల్వ, అయిపోగానే కాళ్లు మొరాయిస్తాయి. పందెం కుక్కల్లో కూడా మొదటి రోజు గ్లైకోజెన్ బాగా పడిపోతుంది. ఆ తర్వాత రోజుకు వంద కిలోమీటర్లకు పైగా పరిగెడుతున్నా, తిండిలో పిండి పదార్థం పెద్దగా లేకపోయినా ఇంకా తగ్గదు సరికదా, కోలుకుంటుంది కూడా!

కొవ్వు అణువులో ఒక గ్లిసరాల్‌కి మూడు కొవ్వు ఆమ్లాలు అతుక్కుని ఉంటాయి. చెరకు గడను కణుపు కణుపుకీ నరికినట్టు, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో కొవ్వు ఆమ్లాన్ని రెండేసి కార్బన్ల ముక్కలుగా కోస్తాయి ఎంజైములు. 16 కార్బన్ల పామిటిక్ ఆమ్లం నుంచి ఎనిమిది ముక్కలు, మొత్తం మీద 106 ఏటీపీలు (కణాలు ఖర్చుపెట్టుకునే శక్తి నాణేలు) వస్తాయి. గ్లూకోజ్ అణువు ఇచ్చేది 30 చిల్లర. అయితే ఆ ముక్కల నుంచి జంతువులు గ్లూకోజ్‌ని తయారు చేసుకోలేవు. మిగిలిన గ్లిసరాల్‌కి మూడు కార్బన్లు ఉంటాయి కాబట్టి రెండింటిని కలిపి కాలేయం ఒక గ్లూకోజ్ చేస్తుంది. 1,600 కిలోమీటర్ల పందెం పూర్తిచేసిన కుక్కలను పరీక్షిస్తే కార్బోహైడ్రేట్ల వాడకం తగ్గకపోగా పెరిగిందని 2015లో ఒక పరిశోధన చెప్పింది. కొవ్వు తినే జంతువు గ్లూకోజ్ వాడకం పెంచుకుందన్నమాట!

ఇందులో పచ్చిదనం వల్ల ఒరిగిందేమీ లేదు. ఆ చలిలో మాంసం దానంతటదే గడ్డకట్టి నిల్వ ఉంటుంది, గొడ్డలితో ముక్కలు కొట్టి విసరొచ్చు. అదీ సౌకర్యం. ఇబ్బందులూ ఉన్నాయి. రోజూ పచ్చి కార్ప్ చేప తిన్న ఒక బండి కుక్కల జట్టుకు విటమిన్ బీ1 లోపం వచ్చినట్టు 1988లో కెనడా పశువైద్య పత్రికలో వచ్చింది. ఆ చేపలో ఉండే థయమినేజ్ అనే ఎంజైము ఆ విటమిన్‌ను నాశనం చేస్తుంది, ఉడికిస్తే ఎంజైమే చచ్చిపోతుంది. గొర్రెలు కాసే కుక్కలకు పచ్చి పేగులు, కాలేయం పడేసిన న్యూజిలాండ్, కుక్కల పేగుల్లోని బద్దె పురుగు వల్ల మనుషులకూ సోకే హైడాటిడ్ తిత్తుల జబ్బును వదిలించుకోవడానికి దశాబ్దాలు అవస్థ పడింది. ఇక విరేచనాలు, జ్వరం తెప్పించే సాల్మొనెల్లా బ్యాక్టీరియా సంగతి. అమెరికాలో ఆహారం, మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 196 పచ్చి పెట్ ఫుడ్ నమూనాలు పరీక్షిస్తే 15లో అది కనిపించింది. కుక్క తట్టుకున్నా, దాని గిన్నె కడిగే మనిషికి ముప్పే.

పచ్చి మాంసం పెడితే రక్తం రుచి మరిగి కరుస్తుందని మన దగ్గర ఒక నమ్మకం. ఐడిటరాడ్‌లో మజిలీ మజిలీకీ వెటర్నరీ డాక్టర్లు ఆ పచ్చి మాంసం తినే కుక్కల కాళ్లూ ఒళ్లూ తడిమి చూస్తారు, ఆ నమ్మకమే నిజమైతే అది కుదిరేదా? రోజంతా గొలుసుకి కట్టేసి పెంచితే పెరుగన్నం తినే కుక్కైనా కరుస్తుంది.

ఇక మన జర్మన్ షెపర్డ్. ముప్పై కిలోలుండి రెండు పూటలా వాకింగ్‌కి వెళ్లే కుక్కకు రోజుకు 1,400 కేలరీలు చాలు. దానికి పందెం కుక్కలా కొవ్వు పెడితే ముందు లావెక్కుతుంది, కొన్నిటికి క్లోమం వాచిపోయి ప్రాణం మీదికొస్తుంది. చికెన్ ఉడికించే పెట్టండి, ఎముకలు తీసేసి. అయితే ఎముకలేని మాంసం ఒక్కటే సరిపోదు. అందులో ఫాస్ఫరస్‌తో పోలిస్తే కాల్షియం పదో వంతు కూడా ఉండదు. కూనలకు అదొక్కటే పెట్టి పెంచితే కాళ్లు వంకర పోతాయి. ఎంత కాల్షియం కలపాలో వెటర్నరీ డాక్టర్‌ని అడగండి, షాపువాణ్ణి కాదు.