మిట్లా ‘పాతాళ ద్వారం’ ఎక్కడి నుంచి వచ్చింది?

మెక్సికోలోని వహాకా రాష్ట్రం, మిట్లా ఊళ్లో సాన్ పాబ్లో చర్చి కింద ‘పాతాళానికి దారి’ దొరికిందన్న వార్త మళ్లీ షేర్ అవుతోంది. దీనికి మూలం 2023లో బయటపెట్టిన స్కానింగ్ ఫలితాలు. రాడార్, విద్యుత్, భూకంప తరంగాల పద్ధతులతో చూస్తే ప్రధాన బలిపీఠం కింద పెద్ద ఖాళీ కనిపించింది. దాన్ని కలిపే దారులు కూడా 5 నుంచి 8 మీటర్ల లోతున కనిపించాయి. అంతవరకూ నిజమే.

వహాకా ప్రాంతపు ప్రాచీన ప్రజలైన జపోటెక్‌లు ఎవరు, వారి రాజధాని మోంటే అల్బాన్ ఎలా వెలిగింది అన్నవి చాలాచోట్ల దొరుకుతాయి. అసలు మలుపు 1674లో ఉంది. ఆ ఏడాది అచ్చయిన పుస్తకంలో ఫ్రాన్సిస్కో దె బుర్గోవా అనే డొమినికన్ సన్యాసి మిట్లా కింద నాలుగు గదులున్నాయని రాశాడు. నాలుగోది బలి అయినవారి, యుద్ధంలో చనిపోయిన నాయకుల శవాలను వదిలే చీకటి గుహకు దారి అట. లోపలికి దిగిన మతబోధకుల దివిటీలు ఆరిపోయాయని, భయపడి దాన్ని మూయించేశారని అంటాడు. స్పానిష్ వాళ్లు మెక్సికోను గెలిచి అప్పటికే 150 ఏళ్లు దాటింది. పైగా జపోటెక్‌ల దేవుళ్లను దయ్యాలుగా చూసే మఠం నుంచి వచ్చిన మాట ఇది. ఇప్పటి శీర్షికలన్నీ ఆ గుహనే వెతుకుతున్నాయి.

తవ్వకాల్లో బయటపడ్డ జపోటెక్ సమాధుల సంగతి వేరు. అవి ఇంటి కిందే, వాకిలి, తలుపురాయితో కట్టిన గదులు. కుటుంబంలో ఎవరైనా పోయినప్పుడు మళ్లీ తెరిచేవారు. పాత ఎముకలను పక్కకు జరిపి, కొన్నిటికి ఎర్రని పొడి పూసి, కొత్తవారికి చోటిచ్చేవారు. అదే ప్రాంతంలోని జపోటెక్ ఊరు లాంబిత్యేకోలో 6వ సమాధిలో కొన్ని తొడ ఎముకలు లేవు. పైనున్న ఇంటి గోడమీది శిల్పాల్లో మాత్రం పెద్దలు తొడ ఎముక చేతబట్టి కనిపిస్తారు. పూర్వీకుల ఎముక అంటే అధికారానికి వారసత్వపు రుజువన్నమాట. (ఇంటి కిందే తాతముత్తాతలుంటే పాతాళం మాట ఎందుకొస్తుంది?)

తర్వాతివాళ్లూ ఈ గదులను వదల్లేదు. మోంటే అల్బాన్ 7వ సమాధి జపోటెక్‌లు కట్టిందే. కొన్ని వందల ఏళ్ల తర్వాత పొరుగు ప్రజలైన మిష్టెక్‌లు అందులో తమవారిని బంగారం, టర్కాయిస్ రాళ్లతో పెట్టారు. పురావస్తు శాస్త్రవేత్త అల్ఫోన్సో కాసో దాన్ని 1932లో తెరిచాడు. మిట్లాలోనే స్తంభాల భవన సముదాయం కింద శిలువ ఆకారపు సమాధులు ఇప్పటికే బయటపడ్డాయి.

బుర్గోవా చెప్పింది అక్షరాలా నిజమని నమ్మేవారు స్కానింగ్‌ను రుజువుగా చూపిస్తున్నారు. స్కానింగ్ చూపేది ఖాళీని మాత్రమే. అది సమాధా, సహజమైన గుహా అన్నది తవ్వి చూస్తేనే తెలుస్తుంది.