అంజూర పాకం, రెండు నిమ్మకాయలు

పోయిన ఎండాకాలం రాయదుర్గం దగ్గర తోట ఉన్న మా మామ బస్సులో ఒక బుట్ట అంజూర పండ్లు పంపించినాడు. షాపుల్లో నలిపి దండ గుచ్చి అమ్మే ఎండు అంజూర మనందరికీ తెలుసు గానీ పచ్చి పండు చూసినవాళ్ళు తక్కువ, తాకితేనే తోలు పగిలేంత మెత్తగా ఉంటుంది. మామిడికాయలాగా కోసి గడ్డిలో మాగేద్దాం అంటే కుదరదు, పచ్చిగా కోస్తే తీపెక్కకుండానే వాడిపోతుంది, అందుకే చెట్టు మీదే పండనిచ్చి కోస్తారు, కోసిన రెండో రోజుకే కారడం మొదలవుతుంది. మా అనంతపురం ఎండకి ఆ రెండు రోజులు కూడా ఆగదు. సరే పాకం పట్టి సీసాల్లో పెడదామని కూర్చున్నాం.

మా అత్తమ్మకి షుగర్ ఉంది కదా అని చక్కెర సగానికి తగ్గించినా (సగం చక్కెర కూడా చక్కెరే అనే సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు). పన్నెండో రోజు సీసా మూత తిప్పితే టప్పుమని సౌండు, గుప్పుమని ఈతకల్లు వాసన, పైన నురగ. మొత్తం పారబోసినాం. "ఆవకాయ ఏడాది ఉంటాది, ఇది పట్టుమని పది దినాలు ఉండలేదే" అని మా అవ్వ అన్నది, ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టినా.

ఆవకాయలో ఉప్పు, నూనె పని చేస్తాయని అందరికీ తెలుసు, కానీ మామిడికాయ తన పులుపు తనే తెచ్చుకుంటుంది, దాన్ని మనం లెక్కలోకి తీసుకోం. అంజూర దగ్గర ఆ పులుపే లేదు. పులుపుని కొలిచే పీహెచ్ స్కేలులో నంబరు తగ్గేకొద్దీ పులుపెక్కువ, నిమ్మరసం 2 నుంచి 2.5 మధ్య ఉంటే పండిన అంజూర 5కి పైనే. ఆహారం నిల్వ చేసేవాళ్ళకి 4.6 అనేది ఒక గీత. క్లోస్ట్రిడియం బోట్యులినమ్ అని మట్టిలో ఉండే ఒక బ్యాక్టీరియా ఉంది, గాలి తగిలితే పెరగదు, గాలి లేని చోట, పులుపు తక్కువున్న చోట, తడి ఉన్న చోట పెరిగి నరాల్ని పడేసే విషం తయారు చేస్తుంది. మూత బిగించిన సీసా దానికి కట్టించిన ఇల్లు. దాని స్పోర్లు, అంటే గింజల్లాంటివి, మరిగే నీళ్ళకి చావవు, ఫ్యాక్టరీల్లో అయితే ప్రెషర్ పెట్టి 121 డిగ్రీల దాకా తీసుకుపోతారు. కానీ పీహెచ్ 4.6 కన్నా కిందికి దిగితే ఆ స్పోర్లు ఉన్నా మొలకెత్తి పెరగలేవు. టమోటా, అంజూర ఈ గీత చుట్టుపక్కలే తిరుగుతుంటాయి కాబట్టి రెండిటికీ పులుపు కలిపే నిల్వ పెట్టమంటారు.

నా సీసాలో వచ్చినది ఆ బ్యాక్టీరియా కాదులెండి, ఈస్టు. అది చక్కెర తిని గ్యాసు, ఆల్కహాలు వదిలి వాసనతో తనే పట్టిచ్చేసింది. బోట్యులినమ్ విషం ఉన్నది మాత్రం చూపుకి, వాసనకి తెలియకపోవచ్చు.

మరి చక్కెర చేసే పనేంది అంటే, నీళ్ళని కట్టి పడేయడం. పండులో నీళ్ళు ఉన్నా క్రిములకి తాగేకి దొరక్కూడదు, ఆ దొరికే నీళ్ళ లెక్కనే వాటర్ యాక్టివిటీ అంటారు, స్వచ్ఛమైన నీళ్ళకి అది 1. పచ్చి పండుకి 0.97 పైన ఉంటుంది, నూటికి 65 పాళ్ళు చక్కెర ఎక్కిన జామ్‌కి 0.8 చుట్టుపక్కల. బోట్యులినమ్ 0.93 కింద పెరగలేదు, మామూలు ఈస్టులు కూడా 0.88 దగ్గర చేతులెత్తేస్తాయి, బూజు మాత్రం మొండిది, ఇంకా కిందికి కూడా వస్తుంది. చక్కెర సగం చేసి నేను ఈస్టుకి తలుపు తీసిపెట్టినా అన్నమాట.

పండ్లని ముక్కలు చేయకుండా గుండ్రంగా పాకంలో పెట్టేటప్పుడు ఇంకో చిక్కుంది. చిక్కటి పాకంలో ఒక్కసారిగా పడేస్తే చక్కెర లోపలికి పోయే లోపే పండులోని నీళ్ళు బయటికి లాగేస్తుంది, పండు ముడుచుకుని తోలు రబ్బరైపోతుంది, బయట పాకం ముదిరినా పండు నడుమ తీపి అందని మెత్తటి గుజ్జు మిగిలిపోతుంది, చెడేది అక్కడి నుంచే. అందుకే ఫోర్కుతో నాలుగు పక్కలా పొడిచి, సగం చక్కెర చల్లి రాత్రంతా మూతపెట్టి వదిలేయాలి, తెల్లారేసరికి పండు తన రసంలో తనే తేలుతుంటుంది, ఆ రసాన్ని కాచి మిగతా చక్కెర రెండు మూడు విడతల్లో కలుపుకుంటూ పోవాలి. ఉసిరికాయ మురబ్బా దినాల తరబడి పట్టేది కూడా ఇందుకే.

తొడిమలు కోసేటప్పుడు కారే తెల్లటి పాలతో జాగ్రత్త. అందులో ఫిసిన్ అని మాంసకృత్తుల్ని కొరికే ఎంజైమ్ ఉంటుంది, వేళ్ళు దురద పెడతాయి, ఆ పాలు అంటిన చేతులతో ఎండలోకి పోతే చర్మం కమిలిపోతుంది కూడా, సోరలిన్ అనే ఇంకో పదార్థం వల్ల. కాచినాక ఫిసిన్‌తో ఇబ్బంది లేదు. పక్కింటి అక్క వచ్చి "దాంట్లో పురుగులుంటాయంట కదప్పా" అని అడిగింది. మేడిపండు పొట్ట విప్పితే పురుగులే అని బళ్ళో చదువుకున్న మాట నిజమే, మేడి కాయ లోపల నిజంగానే చిన్న చిన్న కందిరీగలు ఉంటాయి, ఎందుకంటే దాని పూలన్నీ కాయ లోపలే దాక్కుని పూస్తాయి, పుప్పొడి మోసుకొచ్చేది ఆ రీగలే. అంజూర కూడా ఆ కుటుంబమే, మనం నమిలేటప్పుడు కరకరమనే ఒక్కో గింజా ఒక్కో పూవు నుంచి వచ్చినదే, కాకపోతే మన పక్క తోటల్లో పెంచే పూనా రకానికి రీగతో పని లేదు, దానంతటదే కాయ కట్టేస్తుంది. అక్క నమ్మలేదు, నాలుగు పండ్లు మాత్రం తీసుకుపోయింది.

పదిహేను దినాలకి మామ ఇంకో బుట్ట పంపినాడు. ఈసారి కేజీ పండ్లకి 700 గ్రాముల చక్కెర, రెండు పెద్ద నిమ్మకాయల రసం, దగ్గర దగ్గర 40 మిల్లీలీటర్లు. ఇంట్లో చీనీకాయలు బుట్టల్లో పడుంటే నిమ్మకాయలు కొనాలా అనిపిస్తుంది, అనంతపురం అంటేనే చీనీ తోటలు కదా, కానీ చీనీ రసంలో సిట్రిక్ యాసిడ్ నూటికి ఒక పాలు కూడా ఉండదు, నిమ్మలో ఐదారు పాళ్ళు. ఆ రసం బోట్యులినమ్‌ని ఆపడంతో ఊరుకోదు. పండులో పెక్టిన్ అనే జిగురు పోగులు ఉంటాయి, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరదూరంగా ఉంటాయి, పులుపు తగిలితే ఆ తోపులాట తగ్గి చేతులు కలుపుకుంటాయి, పాకం చిక్కబడి నిలుస్తుంది. ఇంకా చక్కెరని కొంత గ్లూకోజు, ఫ్రక్టోజుగా విరిచేస్తుంది, మూడు రకాల చక్కెరలు కలిసి ఉన్నప్పుడు గడ్డకట్టడం కష్టం, అడుగున పలుకులు తేలవు.

ఎప్పుడు దించాలో తెలిసేకి నాకు బాగా నచ్చింది కాటా పద్ధతి. పచ్చి అంజూరలో నూటికి 16 పాళ్ళు సొంత చక్కెర ఉంటుంది, అంటే కేజీలో 160 గ్రాములు, మనం వేసిన 700 కలిపితే 860. అది 65 శాతం కావాలంటే మొత్తం బరువు 1,320 గ్రాముల దగ్గరికి రావాలి. మొదలు పెట్టింది 1,740, అంటే 420 గ్రాముల నీళ్ళు ఆవిరైపోవాలి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసిపెట్టుకుంటే చాలు, మధ్యమధ్యలో కాటా మీద పెట్టి చూసుకోవచ్చు, గిన్నె కింద చెక్కపలక మాత్రం మర్చిపోవద్దు, నేను మర్చిపోయి కాటా ప్లాస్టిక్ కరిగించినా.

థర్మామీటర్ కూడా కొన్నా. జామ్ 105 డిగ్రీల దగ్గర దించమని రాసుంటుంది, అది సముద్రం ఒడ్డున ఉన్నవాళ్ళకి. అనంతపురం 335 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ నీళ్ళు 99కే మరుగుతాయి, కాబట్టి మనకి 104 లోపే అయిపోవాలి. ఇది తెలియక మొదటి గిన్నెలో 105 కోసం నిలబడితే పాకం కావాల్సినదానికన్నా ముదిరిపోయింది. రెండో గిన్నెకి మా అవ్వ వచ్చి నిలబడింది. "పాకం చూసేకి మీటరు యాలరా అబ్బీ" అని గంటె నుంచి ఒక చుక్క తట్టలో వేసి, ఆరినాక వేలితో మధ్యలో గీత గీసింది, గీత కూడుకోలేదు, "దించు" అన్నది. చూస్తే మీటరు మీద 103.5.

వేడి వేడిగానే కడిగి మరిగించిన సీసాల్లో నింపి మూతలు బిగించి, ఆ సీసాల్ని మళ్ళా మరిగే నీళ్ళలో పది నిమిషాలు పెట్టినాం. తెరిచిన సీసా ఫ్రిజ్‌లో ఉంటుంది, తడి గంటె పెట్టనివ్వం. బూజు వస్తే పైపొర తీసేసి కింది దాన్ని తినే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది, కానీ బూజు వేళ్ళు కంటికి కనపడేదానికన్నా కిందికి పోతాయి, అట్లాంటిది సీసాతో పాటు పారేయడమే. ఇప్పటికి అయిదు నెలలు, ఇంకా ఏ సీసాకీ రాలేదు. ఒకటి రాయదుర్గం పంపినాం, అడుగు దాకా పలుకు కట్టలేదని, చపాతీకి పిల్లోళ్ళు సగం ఖాళీ చేసినారని మామ ఫోన్ చేసినాడు, ఖాళీ బుట్ట తిరిగి పంపమని కూడా.