కన్ను నమ్మింది, చెవి ఒప్పుకోలేదు

పిన్ని చెప్పులు విప్పి హాలు మధ్యలో నిలబడింది. కళ్ళను పూర్తిగా కప్పి కల్పిత లోకాన్ని చూపే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ ఆమె తలకు తగిలించి, వెనక పట్టీ బిగించి, కటకాల మధ్య దూరం మార్చే చక్రాన్ని అక్షరాలు తేటగా కనిపించేదాకా తిప్పించాను. ఆమె పాదాల ముందు ఒక చెక్క పరిచాను. పాత అలమరలోంచి తీసిన అర అది, మందం అంగుళం ఉంటుంది. ఆటలో మాత్రం అది ఆకాశహర్మ్యం కొస నుంచి గాలిలోకి చాచిన పలక. లిఫ్టు తలుపులు తెరుచుకున్నాయి. ఎక్కడో అడుగున కార్లు చీమల్లా పాకుతున్నాయి.

“ఒక్క అడుగే పిన్నీ,” అన్నాను.

“కింద మన గచ్చే ఉందని నాకు తెలుసు నాన్నా. కాలు కదలనంటోంది,” అంది.

నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే ఆమె ఉంగరం అచ్చు పడింది. మూడడుగులు వేసింది. హెడ్‌సెట్ తీశాక చూస్తే అరచేతులు తడిసి ఉన్నాయి, గుండె దడ తగ్గడానికి రెండు నిమిషాలు పట్టింది. అయితే తల తిరగలేదు, వికారం లేదు. మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కుతానంది.

కొన్నేళ్ళ క్రితం హైదరాబాదులోని ఒక మాల్‌లో నాకు కలిగిన మొదటి అనుభవం వేరు. కుర్చీలో కూర్చోబెట్టి, హెడ్‌సెట్ పెట్టి, రోలర్ కోస్టర్ చూపించారు. భయం వేయలేదు. మూడో నిమిషానికి నోట్లో నీళ్ళూరాయి, నుదుటి మీద చల్లటి చెమట పట్టింది. దిగాక గంటసేపు ఏమీ తినలేకపోయాను. ఆ తరువాత రెండేళ్ళు ఆ వస్తువు జోలికే పోలేదు. నాలాగే ఒక్కసారి చూసి “ఇది మనకు పడదు” అని తేల్చుకున్నవారు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకు పడనిది ఆ ఒక్క ఆటేనేమో అని ఎవరూ చెప్పలేదు. పిన్నికి భయం వేసి కూడా వికారం ఎందుకు కలగలేదు, నాకు భయం లేకుండానే వికారం ఎందుకు కలిగింది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే, హెడ్‌సెట్ మొదటిసారి పెట్టుకునేవారు ఏ ఆటతో మొదలుపెట్టాలో కూడా తెలుస్తుంది.

ముందు కన్ను సంగతి. బొటనవేలిని చేయి చాపినంత దూరంలో నిలిపి ఒక కన్ను మూయండి, తరువాత రెండో కన్ను. వేలు వెనక ఉన్న గోడ మీద అటూ ఇటూ గెంతుతుంది. పెద్దవారిలో రెండు కనుపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు. ఆ కాస్త ఎడం వల్ల రెండు కళ్ళకూ రెండు వేరు బొమ్మలు అందుతాయి, వాటి తేడాను మెదడు లోతుగా మారుస్తుంది. దీన్ని 1838లో చార్లెస్ వీట్‌స్టోన్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త రెండు అద్దాలు, రెండు గీత బొమ్మలతో రుజువు చేశాడు. ఫొటోగ్రఫీ ఇంకా లోకానికి తెలియని రోజులవి. కాగితం మీద గీసిన గీతలు ఆ అద్దాల్లో చూస్తే ఘనరూపంలో లేచి నిలబడ్డాయి. ఇవాళ మనం తలకు తగిలించుకునే పెట్టెలో ఉన్నదీ ఆ సూత్రమే: కుడి కంటికి ఒక బొమ్మ, ఎడమ కంటికి ఒక బొమ్మ.

తెర కంటికి కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. అంత దగ్గర ఉన్న దాన్ని ఏ కన్నూ స్పష్టంగా చూడలేదు. అందుకే మధ్యలో కటకం పెడతారు. దాని వల్ల తెర మీటరు రెండు మీటర్ల అవతల ఉన్నట్టుగా కాంతి కంటికి చేరుతుంది. ఇందులో పెద్దలకు పనికొచ్చే విషయం ఒకటుంది. చత్వారం వచ్చి పేపరు చదవడానికి కళ్ళజోడు వెతుక్కునేవారికి హెడ్‌సెట్‌లో సాధారణంగా ఆ జోడుతో పని ఉండదు. దూరం సరిగా కనిపించని వారికి మాత్రం తమ కళ్ళజోడు లోపల కూడా కావాలి. మా పిన్నికి చత్వారమే. జోడు తీసి పక్కన పెట్టి చూసింది, అక్షరాలు తేటగానే ఉన్నాయంది.

ఈ ఏర్పాటులో ఒక లోటు ఉంది. నిజ ప్రపంచంలో దగ్గరి వస్తువును చూసేటప్పుడు రెండు కళ్ళూ లోపలికి తిరుగుతాయి, కంటి కటకం కూడా దానికి తగ్గట్టు ఉబ్బుతుంది. హెడ్‌సెట్‌లో కళ్ళు లోపలికి తిరుగుతాయి కానీ కటకం మాత్రం ఎప్పుడూ ఆ మీటరు రెండు మీటర్ల దగ్గరే ఆగి ఉండాలి. పుట్టినప్పటి నుంచి కలిసి పనిచేసిన జంటను విడదీయడం ఇది. గంటల తరబడి ఆడితే కళ్ళు లాగడానికి, తలనొప్పికి ఇదొక కారణం. మన కొనుగోలుకు అందే హెడ్‌సెట్‌లలో దీనికి పరిష్కారం ఇంకా రాలేదు.

లోతు ఒక్కటే అయితే 1838తోనే కథ అయిపోయేది. వీట్‌స్టోన్ అద్దాల ముందు తల తిప్పితే బొమ్మ పోతుంది. హెడ్‌సెట్‌లో తల తిప్పితే పక్క గోడ కనిపిస్తుంది. అసలు కష్టమంతా ఇక్కడే ఉంది.

చిన్న పరీక్ష చేయండి. ఈ పేరా చదువుతూ ఫోనును అటూ ఇటూ వేగంగా ఊపండి. అక్షరాలు చెదిరిపోతాయి. ఇప్పుడు ఫోనును కదలకుండా పట్టుకుని, కాదన్నట్టుగా తలను అదే వేగంతో ఊపండి. ఇబ్బంది లేకుండా చదవగలుగుతారు. తల కుడికి తిరిగిన 10 మిల్లీసెకన్లలోపే కళ్ళు అంతే మేర ఎడమకు తిరుగుతాయి. ఆ ఆజ్ఞ ఇచ్చేది కన్ను కాదు, లోపలి చెవి. శరీరంలోని అత్యంత వేగమైన ప్రతిచర్యల్లో ఇదొకటి. హెడ్‌సెట్ ఈ వేగంతో పోటీ పడాలి. తల కదలినప్పటి నుంచి దానికి తగ్గ కొత్త బొమ్మ తెర మీద వెలిగేదాకా 20 మిల్లీసెకన్లు దాటకూడదని ఈ రంగంలో పనిచేసేవారు పెట్టుకున్న గీత. దాటితే లోకం తలతో పాటు ఈదుతున్నట్టు అనిపిస్తుంది. సెకనుకు 90 బొమ్మలు చూపే హెడ్‌సెట్‌లో ఒక్కో బొమ్మకు దొరికే వ్యవధి 11 మిల్లీసెకన్లు, అదీ రెండు కళ్ళకు రెండు బొమ్మలు గీయాలి. అది చాలదని ఇంజనీర్లు ఇంకో ఉపాయం పన్నారు. బొమ్మ తయారయ్యాక, తెరకు పంపే ముందు ఆఖరి క్షణంలో తల ఎక్కడుందో మళ్ళీ చూసి, ఆ మేరకు బొమ్మను కాస్త జరుపుతారు. నాకు ఈ ఉపాయమంటే చాలా గౌరవం. ఆటగాడికి అది జరుగుతున్నట్టే తెలియదు.

తల ఎక్కడుందో తెలుసుకోవడం కూడా తేలిక కాదు. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త తయారు చేసిన హెడ్‌సెట్‌ను పైకప్పు నుంచి వేలాడే లోహపు చేతికి బిగించారు. తల తిరిగితే ఆ చేయి తిరిగేది, కంప్యూటర్ ఆ కోణాలు చదివేది. కనిపించినవి గీతలతో చేసిన పెట్టెల్లాంటి ఆకారాలే. ఆ చుట్టూ మనిషి తిరిగి చూడగలగడమే అప్పటి అద్భుతం. ఇవాళ ఆ పనిని హెడ్‌సెట్‌లోనే ఉండే కదలిక సెన్సర్లు, కెమెరాలు చేస్తాయి. సెన్సర్లు సెకనుకు వందల సార్లు కదలికను కొలుస్తాయి, కానీ చిన్న చిన్న తప్పులు పోగై కొద్ది క్షణాల్లోనే లెక్క పక్కదారి పడుతుంది. కెమెరాలు గది మూలలను, సోఫా అంచులను, గోడ మీద క్యాలెండరును గుర్తుపెట్టుకుని ఆ తప్పును ఎప్పటికప్పుడు దిద్దుతాయి. చీకటి గదిలో గానీ, ఏ గుర్తూ లేని తెల్లటి గోడల మధ్య గానీ ఆట తడబడితే కారణం ఇదే. లైటు వేసి ఆడండి.

చవకగా దొరికే, ఫోను లోపల పెట్టి చూసే అట్టపెట్టెల లోపం కూడా ఇక్కడే అర్థమవుతుంది. 2014లో గూగుల్ కార్డ్‌బోర్డ్‌తో అవి లోకమంతా పాకాయి. ఫోనులోని సెన్సర్లకు తల ఎటు తిరిగిందో తెలుసు, తల ఎంత ముందుకు జరిగిందో తెలియదు. మీరు ముందుకు వంగితే నిజమైన బల్ల దగ్గరవుతుంది. ఆ పెట్టెలో బల్ల కూడా మీతో పాటు అంతే వెనక్కి జరుగుతుంది. చూడటానికి చిన్న విషయం, కడుపుకు మాత్రం పెద్ద విషయం. ఆ పెట్టెతో చూసి వీఆర్ అంటే ఇంతే అనుకున్నవారు మళ్ళీ ఒకసారి చూడాలని నా కోరిక. ఎందుకంటే అవే ఫోన్ల పుణ్యాన చిన్న తెరలు, సెన్సర్లు చవకయ్యాకే మంచి హెడ్‌సెట్‌లకు దారి తెరుచుకుంది. 2012లో పామర్ లకీ అనే యువకుడి ఓక్యులస్ రిఫ్ట్‌కు జనం నుంచి సుమారు 24 లక్షల డాలర్ల చందాలు వచ్చాయి. 2014లో ఆ సంస్థను ఫేస్‌బుక్ కొన్నది. 2016లో మూడు పెద్ద హెడ్‌సెట్‌లు బజారులోకి వచ్చాయి. 2023లో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తెచ్చిన క్వెస్ట్ 3 హెడ్‌సెట్ బరువు 515 గ్రాములు, వైరు కూడా అక్కర్లేదు.

ఇక చెవి. చిన్నప్పుడు ఒప్పులకుప్ప ఆడినవారికి దీని పనితీరు వేరే చెప్పనక్కర్లేదు. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగి ఒక్కసారి ఆగితే ఇల్లూ వాకిలీ తిరుగుతూనే ఉంటాయి. లోపలి చెవిలో మూడు దిశల్లో అమరిన మూడు సన్నటి అర్ధవలయాకార గొట్టాలు, వాటిలో ద్రవం ఉంటాయి. తల తిరగడం మొదలైనప్పుడు ద్రవం వెనకబడుతుంది, తల ఆగినా ద్రవం కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ గొట్టాల పక్కనే ఉన్న మరో రెండు చిన్న సంచుల్లో జిగురు పొర మీద సున్నపు రేణువులు పరిచి ఉంటాయి. ముందుకు వెళ్తున్నామా, పడిపోతున్నామా, నేల ఎటుంది అన్నది ఆ రేణువుల బరువును బట్టి తెలుస్తుంది.

తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు మలుపులు తిరుగుతుంటే నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చునేవారిని అందరం చూశాం. కన్ను ముందు సీటు కదలడం లేదంటుంది, చెవి మనం ఊగిపోతున్నామంటుంది. వీఆర్‌లో ఇదే తగాదా తలకిందులుగా జరుగుతుంది. కన్ను లోయలోకి పడిపోతున్నానంటుంది, చెవి కుర్చీలో కదలకుండా కూర్చున్నానంటుంది. బస్సు డ్రైవరుకు సాధారణంగా వికారం రాదు, ఎందుకంటే తరువాతి మలుపు ఎటో అతని మెదడుకు ముందే తెలుసు.

ఈ వికారంలో చెవి పాత్ర ఎంతటిదో 19వ శతాబ్దంలోనే తెలిసింది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం జేమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1882లో వందల మంది బధిరులను పరిశీలించి, వారిలో చాలామందికి గిరగిరా తిరిగినా కళ్ళు తిరగవని రాశాడు. లోపలి చెవిలోని ఆ భాగం పనిచేయనివారికి సముద్ర ప్రయాణంలోనూ వాంతులు రావు. మరి కన్నుకూ చెవికీ పొసగకపోతే మధ్యలో కడుపు ఎందుకు తిరగాలి? 1977లో మిషెల్ ట్రైస్మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక ఊహ చెప్పాడు. కంటికీ చెవికీ పొత్తు చెడటం ఒకప్పుడు విషం తిన్నదానికి గుర్తు అయి ఉంటుంది, అందుకే మెదడు కడుపులో ఉన్నది కక్కమంటుంది అని. ఇది రుజువైన సంగతి కాదు, దీనిపై వాదాలున్నాయి. మాల్ మెట్ల మీద కూర్చుని నేను పడిన బాధకు మాత్రం ఇది బాగా నప్పుతుంది.

ఇప్పుడు పిన్ని దగ్గరికి రండి. ఆమె కన్ను ‘ఎత్తులో నిలబడ్డాను’ అంది, చెవి ‘నిలబడ్డాను’ అంది. ఆమె అడుగు వేస్తే బొమ్మలోనూ అడుగే పడింది. తగాదా లేదు కాబట్టి వికారం లేదు. భయం మాత్రం నిజమైన భయం, ఎందుకంటే ఎవరూ కాదనకపోతే కన్ను చెప్పిందే శరీరం నమ్ముతుంది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో దీన్ని కొలిచారు కూడా. హెడ్‌సెట్‌లో లోతైన గొయ్యి చూపించి గుండె వేగం లెక్కపెట్టారు, అది గణనీయంగా పెరిగింది. పాదాల కింద నిజంగా అంగుళంన్నర ఎత్తు చెక్క అంచు పెడితే ఇంకా పెరిగింది. 2002లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అలమర అరను నేను పరిచింది ఆ సంగతి చదివే.

ఆటలు తయారుచేసేవారికి ఈ తగాదా బాగా తెలుసు. నడిపించడానికి బదులు చేతితో చోటు చూపితే అక్కడ ప్రత్యక్షమయ్యేలా చేస్తారు. మెల్లగా తిప్పడానికి బదులు ఒక్క ఉదుటున ముప్పై డిగ్రీలు తిప్పుతారు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు పరిగెత్తేటప్పుడు చూపు అంచులను మెల్లగా చీకటి చేస్తే వికారం తగ్గుతుందని చూపారు. కదలికను ఎక్కువగా పట్టేది చూపు అంచులే. అంతకు ముందు ఏడాది పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో బొమ్మలో ఒక ముక్కు గీసి పెట్టారు. మన ముక్కు ఎప్పుడూ మన కంటి ముందే ఉంటుంది, మనం గమనించం. ఆ ముక్కు ఉన్నప్పుడు ఆటగాళ్ళు ఎక్కువసేపు తట్టుకున్నారు, చాలామందికి అది ఉందనే తెలియలేదు.

కాబట్టి మొదటిరోజు మీరు నిలబడిన చోటే ఉండే ఆట ఎంచుకోండి. పాట లయకు తగ్గట్టు ఎదురొచ్చే ఘనాలను రెండు కత్తులతో నరికే బీట్ సేబర్ అలాంటిది. ఘనాలు వస్తాయి, మీరు ఎక్కడికీ వెళ్ళరు. చేయి ఎత్తే ముందు సీలింగ్ ఫ్యాను ఎంత ఎత్తులో ఉందో చూసుకోండి, టీవీ ముందు నిలబడకండి. నోట్లో నీళ్ళూరినా, నుదురు చల్లబడినా వెంటనే తీసేయండి. ఓర్చుకుంటే అలవాటవుతుందని ఎవరైనా చెప్తే వినకండి, మొండిగా ఆడితే మెదడు ఆ హెడ్‌సెట్‌నే వికారంతో ముడిపెట్టుకోవచ్చు. పది నిమిషాలు ఆడి ఆపి, మరునాడు ఇంకో పది నిమిషాలు ఆడటం మేలు. పిల్లల విషయంలో తయారీదారు పెట్టిన వయసు హద్దు చూడండి. క్వెస్ట్‌కు అది 13 ఏళ్ళుగా ఉండేది, 2023లో 10కి తగ్గించారు. ఆడాక కిటికీ పక్కన కటకాలు పైకి ఉండేలా పెట్టకండి. భూతద్దంతో కాగితం కాల్చినట్టు మన ఎండ వాటిలోంచి దూరి తెరను కాల్చేస్తుంది.

ఆ రోజు సాయంత్రం దాకా చెక్క అక్కడే ఉండిపోయింది. టీ పెట్టడానికి వంటింటికి వెళ్తూ పిన్ని దాని దగ్గర ఆగింది. ఒక కాలు ఎత్తి, మళ్ళీ దించి, సోఫా పక్కగా చుట్టు తిరిగి వెళ్ళింది.