మూసిన పెట్టెల బేరం: లూట్ బాక్సుల వివాదం ఎక్కడ మొదలైంది?

వీడియో గేమ్ సంస్థల లాభాపేక్ష గురించి మాట వచ్చినప్పుడల్లా ధరల ప్రస్తావనే ముందుకొస్తుంది గానీ, అసలు అభ్యంతరం అంతకన్నా లోతైనది. కొనేవారికి ఏం దక్కుతుందో చెప్పకుండానే డబ్బు తీసుకోవడం గురించినది అది. 2006 ఏప్రిల్‌లో బెథెస్డా సంస్థ ‘ఆబ్లివియన్’ గేమ్‌లో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు అమ్మకానికి పెట్టినప్పుడు, పూర్తి ధర పెట్టి గేమ్ కొన్నవారి దగ్గర మళ్లీ ఈ వసూలు ఏమిటని ఆటగాళ్లు మండిపడ్డారు. ఆ కోపం న్యాయమైనదే. అయినా ఆ బేరంలో దాపరికం లేదు. కవచమూ దాని ధరా కళ్లెదుటే ఉన్నాయి. తరువాత వచ్చిన లూట్ బాక్సుల్లో, అంటే లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే గేమ్ పెట్టెల్లో, ఆ పాటి నిజాయితీ కూడా మిగలలేదు.

ఈ పద్ధతి ముందుగా వేళ్లూనుకున్నది తూర్పు ఆసియాలో. నాణెం వేసి మర తిప్పితే బొమ్మ ఉన్న డబ్బా రాలిపడే యంత్రాల పేరు మీదుగా జపాన్ మొబైల్ గేమ్‌లలో దీన్ని ‘గాచా’ అన్నారు. అందులో ‘కంప్లీట్ గాచా’ మరీ దారుణమైనది. అరుదైన బహుమతి కావాలంటే అదృష్టం కొద్దీ దొరికే కార్డుల సెట్టు మొత్తం పూర్తి చేయాలి. సెట్టు నిండేకొద్దీ ఉన్న కార్డే మళ్లీ రావడం ఎక్కువవుతుంది, అప్పటికే పోసిన డబ్బేమో మధ్యలో మానుకోనివ్వదు. 2012 మేలో అక్కడి వినియోగదారుల వ్యవహారాల సంస్థ దీన్ని చట్టవిరుద్ధమని తేల్చింది గానీ, మామూలు గాచా జోలికి పోలేదు.

పాశ్చాత్య దేశాల్లో వాల్వ్ సంస్థ 2010లో ‘టీమ్ ఫోర్ట్రెస్ 2’లో పెట్టెను ఉచితంగా ఇచ్చి తాళంచెవిని అమ్మింది. ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) సంస్థ ఫుట్‌బాల్ గేమ్ ‘ఫిఫా’లో 2009లో మొదలైన ‘అల్టిమేట్ టీమ్’ ఇంకో దారి పట్టింది, ఆటగాళ్ల కార్డులుండే మూసిన ప్యాక్‌లను అమ్మింది. అక్కడ ప్యాక్ తెరిచిన క్షణాన్ని గమనిస్తే ఈ వ్యాపారమంతా అర్థమవుతుంది: మంచి ఆటగాడు తగిలితే ముందు దేశపు జెండా, ఆ తరువాత అతను ఆడే స్థానం, ఆపైన క్లబ్బు చిహ్నం ఒక్కొక్కటిగా వెలిగి, చివరికి గానీ ముఖం కనిపించదు. ఆ కొన్ని క్షణాల ఉత్కంఠే అసలు సరుకు. కొన్న ఆటగాళ్లు మరుసటి ఏడాది వచ్చే గేమ్‌లోకి వెంట రారు కనుక, ప్రతి ఏటా బేరం మొదటికొస్తుంది.

ఓపిక నశించింది 2017 నవంబరులో. ఈఏ సంస్థ తెచ్చిన ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’లో డార్త్ వేడర్‌ పాత్రకు 60,000 క్రెడిట్లు (గేమ్‌లో చెల్లే నాణేలు) కావలసి ఉండగా, వాటిని ఆడి సంపాదించడానికి సుమారు 40 గంటలు పడుతుందని ఆటగాళ్లు లెక్కగట్టారు. మరోపక్క, ఆటలో బలాన్ని పెంచే పెట్టెలను అసలు డబ్బుతో కొనుక్కునే వీలుంది. నిరసన వెల్లువెత్తడంతో, విడుదలకు కొద్ది గంటల ముందు సంస్థ ఆ కొనుగోళ్లను నిలిపివేసింది.

మరుసటి ఏప్రిల్‌లో బెల్జియం గేమింగ్ కమిషన్ ఫిఫా 18, ఓవర్‌వాచ్, కౌంటర్ స్ట్రైక్‌లలోని పెట్టెలు జూదమేనని ప్రకటించింది. 2019 జనవరి చివర ఈఏ ఆ దేశంలో, ప్యాక్‌లు కొనడానికి వాడే ఫిఫా పాయింట్ల అమ్మకం ఆపింది. పొరుగునే ఉన్న నెదర్లాండ్స్‌లో మాత్రం, ఈఏపై నియంత్రణ సంస్థ విధించిన కోటి యూరోల జరిమానాను 2022 మార్చిలో అత్యున్నత పాలనా న్యాయస్థానం కొట్టివేసింది. ప్యాక్ తెరవడం విడి ఆట కాదు, నైపుణ్యంతో ఆడే పెద్ద ఆటలో ఒక భాగమన్నది దాని తర్కం. చేతిలో డబ్బు పెట్టుకుని, కళ్లార్పకుండా తెర వైపు చూసే పిల్లవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుందో నాకు బోధపడదు.

తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటిపైనా చట్టం చేసింది. ఈ చర్చ అంతా ప్రధానంగా రమ్మీ, పోకర్, ఫాంటసీ క్రికెట్ చుట్టూనే తిరిగింది. మన ఇళ్లలో పిల్లలు యూసీ అనే గేమ్ నాణేలు కొని, బీజీఎంఐ అనే మొబైల్ షూటింగ్ గేమ్‌లో తెరిచే క్రేట్ల (అలాంటి మూసిన పెట్టెల) మాట అందులో పెద్దగా వినిపించలేదు.