ఆరో యూనిట్‌లో ఉండిపోయిన నది

డిగ్రీ చదివినవాళ్లకు ఈవీఎస్ (పర్యావరణ అధ్యయనం) పేపర్ గుర్తుండే ఉంటుంది. మా దక్షిణ ఒడిశాలో బరంపురమైనా, పర్లాకిమిడైనా, రాయగడైనా ఒకటే తీరు. పరీక్షకు వారం ముందు గైడు కొంటాం, పాసవుతాం, మర్చిపోతాం. 2020 జాతీయ విద్యావిధానం వచ్చాక, 2023లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఈ చదువుకు నాలుగు క్రెడిట్లతో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. డిగ్రీలో చేరిన పిల్లలకు సుస్థిర అభివృద్ధిని పరిచయం చేసే కోర్సు ఎలా ఉండాలన్న ప్రశ్న మళ్లీ మన ముందుకొచ్చింది. కొత్త సిలబస్ రాయడానికి కూర్చునేముందు పాతది ఎలా పుట్టిందో, ఎక్కడ దారి తప్పిందో చూడాలి.

ప్రపంచంలో జరిగింది చాలామందికి తెలిసిందే. 1972లో పర్యావరణంపై స్టాక్‌హోం సదస్సు జరిగింది. రేపటివాళ్ల అవసరాలకు గండి కొట్టకుండా నేటి అవసరాలు తీర్చుకోవడమే సుస్థిర అభివృద్ధి అని 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పింది. 1992లో రియో సదస్సు, 2015లో ఐక్యరాజ్యసమితి 17 సుస్థిర అభివృద్ధి లక్ష్యాలు వచ్చాయి.

మన దేశంలో ఈ చదువును కాలేజీ మెట్లెక్కించింది మాత్రం కోర్టు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన పిటిషన్‌పై 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు, పర్యావరణాన్ని స్కూళ్లలో, కాలేజీల్లో తప్పనిసరిగా నేర్పాలంది. పన్నెండేళ్లయినా పని సరిగా జరగలేదు. 2003లో కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక యూజీసీ ఆరు నెలల కోర్సు తయారుచేసింది. యాభై క్లాసులు, ఎనిమిది యూనిట్లు. సుస్థిర అభివృద్ధి అందులో ఆరో యూనిట్‌లో ఒక అంశం. ఎనిమిదో యూనిట్ ఫీల్డ్ వర్క్. దానికి ఐదు క్లాసుల సమయం, నూటికి 25 మార్కులు. దగ్గరున్న నదికో, కొండకో, అడవికో వెళ్లి చూసి రాయమని సిలబస్‌లోనే ఉంది.

నా వరకు అసలు నష్టం అక్కడే జరిగింది. నేను ఆ పేపర్ చదివిన ఏడాది, సీనియర్ల రికార్డు తెచ్చుకుని దించేయడమే ఫీల్డ్ వర్క్. కాలేజీ నుంచి నది నడిచి వెళ్లేంత దూరం. ఒక్కరోజు కూడా మమ్మల్ని తీసుకెళ్లలేదు. నది గురించి ఐదు మార్కుల జవాబు మాత్రం రాశాం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఎందుకంటే ఒడిశా, ఆంధ్రల ఈ సరిహద్దు జిల్లాల్లో బ్రంట్‌లాండ్ నిర్వచనంలోని ప్రతి మాటకూ ఒక ఊరు దొరుకుతుంది. కొరాపుట్ జిల్లాలో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. కరెంటు రెండు రాష్ట్రాలకూ వెళ్లింది. జలాపుట్ జలాశయం కింద మునిగిన ఊళ్లవాళ్లు కొండల్లోకి చెదిరిపోయారు. పునరావాసం కావాలని అడగడానికి అప్పటికి చట్టమే లేదు. అభివృద్ధి ఎవరికి అందింది, ఖర్చు ఎవరు భరించారు అన్న ప్రశ్న వేయడానికి ఇంతకంటే దగ్గరి పాఠం ఎక్కడుంది? వంశధార నీళ్లు చెరి సగమని 1962లో రెండు రాష్ట్రాలూ అనుకున్నాయి. అయినా తగువు తెగక 2010లో ట్రిబ్యునల్ వేశారు. తీర్పు 2017లో వచ్చింది. గుణుపురం పిల్లవాడికీ, దిగువన శ్రీకాకుళం జిల్లాలో ఉన్న వాడి మేనమామకూ అది ఒకే నది.

నియంగిరి కొండల సంగతి ఇంకా పెద్దది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, బాక్సైట్ తవ్వకాల మీద గ్రామసభలే తమ మాట చెప్పాలంది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. మరుసటి ఏడాది కేంద్రం అనుమతి నిరాకరించింది. కొండను దేవుడిగా కొలిచే డోంగ్రియా కోందు గిరిజనులకు అది పుస్తకంలో చదివింది కాదు, బతికిన బతుకు. గజపతి జిల్లాలో సవర గిరిజనులు కొండవాలున రాళ్లు పేర్చి, గట్లు కట్టి, మెట్లు మెట్లుగా వరి పండిస్తారు. మట్టి కొట్టుకుపోకుండా నీళ్లు ఒక మడి నుంచి కింది మడికి దిగుతాయి. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వ వ్యవస్థల్లో చేర్చింది. ఇవన్నీ వదిలేసి పిల్లలకు ఎక్కడో దూరదేశపు ఉదాహరణలు చెప్పడం అన్యాయం. 2018లో తిత్లీ తుఫానుకు గజపతి కొండచరియలు విరిగిపడి మనుషులు పోయిన సంగతి కూడా వాళ్ల పాఠంలో ఉండాలి.

భాష సంగతీ ఉంది. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకుని, ఆ పిల్లల కోసం వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశారు, బడులు నడిపారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అందులో కలిసింది. ఇప్పుడు మన పిల్లలు ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు మాట్లాడతారు. పోడు, గట్టు, చెరువు అని ఇంట్లో విన్న మాటలు పరీక్ష పేపర్లోకి రావు. కొత్త కోర్సులో ఫీల్డ్ నోట్సు ఏ భాషలో రాసినా దిద్దేలా ఉండాలి. సవర రాయగలిగినవాళ్లు సవరలోనే రాయాలి.

నన్నడిగితే ఎనిమిదో యూనిట్‌ను మొదటికి తెస్తాను. మొదటి రెండు వారాలు క్లాసు గది వద్దు. ఒక్కొక్కరు తమ ఊరి చెరువునో, వాగునో ఎంచుకోవాలి. ఇంట్లో పెద్దవాళ్లను మూడు ప్రశ్నలు అడగాలి: మీ చిన్నప్పుడు వేసవిలో ఇందులో నీళ్లు ఎంతవరకు ఉండేవి, వాటిని ఎవరు పంచేవారు, ఎవరికి అందేవి కావు? ఆ జవాబులన్నీ ఒకచోట పెట్టాక బ్రంట్‌లాండ్ నిర్వచనాన్ని బోర్డు మీద రాయొచ్చు.