ఏసీకి ఏటా గ్యాస్ కొట్టించాలని ఎవరు చెప్పారండీ?

ఏప్రిల్ వచ్చిందంటే చాలు మా ఏసీ రిపేరు షాపుకి ఒకటే ఫోన్లు, "బాబూ ఈ ఏడు ఇంకా గ్యాస్ కొట్టించలేదు, ఎంత తీసుకుంటావ్" అని. చల్లగా వస్తోందా అంటే వస్తోందంటారు. మరెందుకమ్మా అంటే "ఏటా కొట్టించాలంట కదా, పోయినేడు వచ్చినబ్బాయి చెప్పాడు." బెజవాడ ఎండల్లో ఏసీ ఆగిపోతే ఎలా అన్న భయం నాకు తెలుసు, ఇంట్లో పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే మరీనూ. ఆ భయం మీదే కొంతమంది బతికేస్తున్నారు.

అపోహ: వాడేకొద్దీ గ్యాస్ అయిపోతుంది.

వాస్తవం: అవ్వదు. అదే గ్యాస్ అవుట్‌డోర్ నుంచి ఇండోర్‌కి, మళ్ళీ అవుట్‌డోర్‌కి తిరుగుతుంటుంది అంతే. మీ ఫ్రిజ్‌లోనూ ఇదే పద్ధతి, దానికి ఏటా కొట్టిస్తున్నారా? తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టే, ఆ లీక్ ఆపకుండా టాప్‌అప్ చేసి పోతే డబ్బులు గాల్లోకి వదిలినట్టే, పైగా తక్కువ గ్యాస్‌తో నడిచి నడిచి కంప్రెసర్ వేడెక్కి పోతే అప్పుడు పడుద్ది అసలు బిల్లు.

పటమటలో ఒక రిటైర్డ్ టీచర్ గారింట్లో మూడు వేసవులు వరసగా కొట్టించారు, మెకానిక్ మారాడు గానీ మాట మారలేదు. వెళ్ళి చూస్తే అవుట్‌డోర్‌కి రాగి పైపుని బిగించే ఫ్లేర్ నట్ చుట్టూ నల్లగా జిడ్డు. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కొద్దికొద్దిగా బయటికొస్తుంది, దానికి దుమ్ము అంటుకుంటుంది. సబ్బు నురగ రాస్తే బుడగలు లేచాయి. రాగి పైపు చివర సన్నగా చీలి ఉంది, అది కోసేసి, పైపు చివర విప్పార్చి కొత్త ఫ్లేర్ కొట్టి, నైట్రోజన్ ఎక్కించి ప్రెజర్ నిలబడుతుందో లేదో చూసి, వాక్యూమ్ లాగి అంటే పైపుల్లో గాలీ తేమా పంపుతో తీసేసి, అప్పుడు గ్యాస్ కాటా వేసి ఎక్కించాం. "మరి వాళ్ళెవరూ ఇటు చూడలేదేంటి బాబూ" అన్నారావిడ. ఏం చెప్తాం, లీక్ వెతకాలంటే ఒక పూట పడుద్ది, గ్యాస్ కొట్టడం అరగంట పని, సీజన్లో ఎవడికి ఓపిక.

ప్రెజర్ చూసే గేజ్ పెట్టి ముల్లు చూపించి "చూడండి తగ్గింది" అంటారు చూశారా, దానికీ ఊరికే పడిపోకండి. పాత ఆర్‌22 రకం గ్యాస్ ఏసీలు నడిచేటప్పుడు 60–70 పీఎస్‌ఐ ప్రెజర్ చూపిస్తాయి, ఆర్‌32, ఆర్‌410ఏ గ్యాస్‌లైతే దాదాపు దానికి రెట్టింపు. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ స్పీడు మారినప్పుడల్లా ముల్లూ మారుతుంది. ఏసీ ఆపేసి చూపిస్తే అది ఆ రోజు ఎండని బట్టి ఉంటుంది గానీ లోపల ఎంత గ్యాస్ ఉందో చెప్పదు. అవుట్‌డోర్ మీద ప్లేట్‌లో ఏ గ్యాస్, ఎంత అన్నది రాసే ఉంటుంది, లీక్ కట్టాక పాతదంతా తీసేసి ఆ లెక్క ప్రకారం తూకం వేసి ఎక్కించేవాడే పనివాడు. లీక్ ఎక్కడో చూపించమనండి, నైట్రోజన్, వాక్యూమ్ పంపు తెస్తున్నావా అని ఫోన్లోనే అడగండి, బిల్లు మీద గ్రాములు రాయమనండి. ఇవన్నీ ఎందుకు సార్ అని నసిగాడా, ఇంకొకరిని చూసుకోండి.

విశాఖ బీచ్ వైపు ఉప్పుగాలికి అవుట్‌డోర్ ఫిన్స్, అంటే ఆ సన్నటి రేకులు, రాలిపోతాయి, మురిక్కాలవ పక్క ఇళ్ళల్లో ఆ గాలికి ఇండోర్లో గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టకి, అదే కాయిల్‌కి, సన్నటి చిల్లులు పడతాయి. అలాంటప్పుడు కాయిలే మార్చాల్సి రావచ్చు, ముందు వారంటీ చూసుకోండి.

అపోహ: చల్లగా రాలేదంటే గ్యాసే.

వాస్తవం: ముందు ఫిల్టర్ తీసి కడగండి. నిజం, అంతే. అవుట్‌డోర్ ముందు బట్టలు ఆరేసి గాలి ఆడకపోయినా ఇదే కథ.

అపోహ: ఆర్‌32 పేలుతుంది.

వాస్తవం: వాట్సాప్ వీడియోలు చూసి పసిబిడ్డ గదిలో ఏసీ తీయించేసిన వాళ్ళున్నారు పాపం. దానికి కొద్దిగా మండే గుణం ఉన్నమాట నిజమే, మామూలుగా నడిచే ఏసీతో భయం లేదు. భయపడాల్సింది లోపల గ్యాస్ ఉండగానే వెల్డింగ్ మంట పెట్టేవాడికి, నైట్రోజన్ లేదని ఆక్సిజన్‌తో ప్రెజర్ చూసేవాడికి. కంప్రెసర్ ఆయిల్‌కి ప్రెజర్ మీదున్న ఆక్సిజన్ తగిలితే నిజంగానే పేలొచ్చు, అలాంటివాణ్ణి గుమ్మంలోంచే పంపేయండి.

అపోహ: ఇల్లు మారితే గ్యాస్ మొత్తం కొత్తగా కొట్టాలి.

వాస్తవం: ఏసీ నడుస్తూ ఉంటే అక్కర్లేదు. విప్పే ముందు పంప్ డౌన్ చేస్తే, అంటే ఏసీ నడుపుతూనే గ్యాస్‌ని అవుట్‌డోర్లోకి లాగిస్తే, గ్యాసంతా అవుట్‌డోర్లోనే ఉండిపోతుంది, వాల్వులు అలెన్ కీతో మూసేస్తే సరి. అవతల బిగించాక పైపుల్లో వాక్యూమ్ లాగి తెరుస్తారు. పైపు మరీ పొడుగు పెరిగితేనే కాస్త కలపాలి. విప్పేటప్పుడు బుస్సుమని ఆగకుండా వచ్చిందంటే మీ గ్యాస్ మీ కళ్ళముందే పోతోందన్నమాట.

ఇక గూగుల్లో "కస్టమర్ కేర్" అని కొట్టి పైన కనపడ్డ నంబరుకి చేసేస్తున్నారు, కంపెనీ డ్రస్సులో వచ్చినవాళ్ళంతా కంపెనీ వాళ్ళు కాదండీ. వారంటీ కార్డు మీదున్న నంబరుకి చేయండి, కార్డు పోతే ఏసీ మీది స్టిక్కర్ చూడండి, అదీ తర్వాత ఎవడో వచ్చి అంటించింది కాకుండా చూసుకోండి.